మోవర్ స్టార్ట్ కాలేదని వెంటనే కొత్త బ్యాటరీ కొనకండి

చలికాలమంతా గరాజ్‌లో పడుకున్న రైడింగ్ మోవర్ (ఎక్కి నడిపే గడ్డి కోసే బండి) ఎక్కి తాళం తిప్పితే టక్ టక్‌మంటుంది తప్ప ఇంజన్ తిరగదు. ఒహాయోకి వచ్చిన రెండో ఏడు నాకూ ఇదే అయితే, బ్యాటరీ పోయిందనుకుని కొత్తది తెచ్చిపెట్టాను. మళ్ళీ అదే టక్ టక్. చిలుము పట్టిన పాత కేబుల్ కొసల్నే దానికి బిగించాను మరి, కరెంటు ఎలా పోతుంది!

బ్యాటరీలోంచి వచ్చే యాసిడ్ ఆవిరి తగిలి సీసం మీద తెల్లటి పొడి, రాగి మీద నీలం, ఆకుపచ్చ పొడి పడుతుంది. ముట్టుకుంటే మంట, కళ్ళల్లో పడితే ప్రమాదం, కాబట్టి గ్లవ్స్, కళ్ళజోడు ఉండాల్సిందే. ఉంగరాలు, వాచీ తీసేయండి.

చాలా మోడళ్ళలో బ్యాటరీ సీటు కింద ఉంటుంది. ముందు నల్ల కేబుల్, అంటే నెగెటివ్, ఊడదీయాలి. ఎర్రదానితో మొదలుపెడితే, పానా పొరపాటున ఫ్రేమ్‌కి తగిలిందంటే నిప్పురవ్వలే. బిగించేటప్పుడు తిరగేసి, ఎర్రది ముందు, నల్లది తర్వాత.

ఇప్పుడు ఒక కప్పు గోరువెచ్చటి నీళ్ళలో ఒక పెద్ద చెంచా వంటసోడా కలపండి. బేకింగ్ పౌడర్ కాదు, షాపులో రెండూ పక్కపక్కనే ఉంటాయి, డబ్బా చూసి తీసుకోండి. ఊళ్ళో మా నాన్న ట్రాక్టర్ బ్యాటరీకి మరిగే నీళ్ళు పోసేవాడు, పొడి కరిగిపోయేది గానీ ఆ యాసిడ్ నీళ్ళు కిందికి కారి ఇనుమంతా తినేసేవి. సోడా అయితే యాసిడ్‌నే చంపేస్తుంది. పాత టూత్‌బ్రష్‌తో రాస్తే బుసబుసా పొంగుతుంది, పొంగడం ఆగేదాకా రాయండి. మూతలున్న బ్యాటరీ అయితే అవి గట్టిగా ఉన్నాయో లేదో ముందే చూసుకోండి, లోపలికి సోడా చుక్క కూడా పోకూడదు.

కడిగి, పూర్తిగా ఆరబెట్టి, వైర్ బ్రష్‌తో టెర్మినల్‌నీ (బ్యాటరీ మీద కేబుల్ బిగించే చోటు) కేబుల్ కొసనీ రెండు వైపులా మెరిసేదాకా గీకండి. బోల్టు తినేసి ఉంటే మార్చేయండి, ఎంతో కాదు. అందరూ మర్చిపోయేది నల్ల కేబుల్ రెండో కొస: ఫ్రేమ్‌కి బిగించి ఉంటుంది, అక్కడా తుప్పు గీకాలి. కేబుల్ తొడుగు ఉబ్బి, లోపల తీగలు ఆకుపచ్చగా మారిపోతే ఇక శుభ్రం చేసి లాభం లేదు, కేబులే మార్చాలి.

వాసెలిన్ గానీ, తడి తగలకుండా కాపాడే డైఎలక్ట్రిక్ గ్రీజు గానీ బిగించాకే, పైన పల్చగా పూయండి. చిలుము మీదే గ్రీజు పూసేసి పనైపోయిందనుకుంటే, నెల తిరిగేసరికి మళ్ళీ సీటు ఎత్తాల్సిందే. నట్టు మరీ బలంగా తిప్పొద్దు, సీసం మెత్తన.

శుభ్రం చేసిన కొన్ని వారాలకే మళ్ళీ చిలుము పట్టిందా? టెర్మినల్ మొదట్లో పగులు ఉందేమో చూడండి, ఉంటే ఆ బ్యాటరీ మార్చాల్సిందే. లేకపోతే ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీకి వోల్ట్ మీటర్ పెట్టండి. 14 వోల్టుల అటూ ఇటూ ఉంటే పర్లేదు, 15 దాటితే ఓవర్‌ఛార్జ్ అవుతోంది, ఛార్జింగ్‌ని అదుపులో ఉంచే రెగ్యులేటర్‌ని మెకానిక్‌కి చూపించాలి.

అక్టోబర్ చివర్లో మోవర్‌ని లోపల పెట్టేటప్పుడు మరోసారి తుడిచి, ఫుల్ ఛార్జ్ చేసి, కొన్ని గంటలు ఆగి కొలవండి, 12.6 వోల్టులైనా చూపాలి. ఛార్జ్ అయిపోయిన బ్యాటరీ ఇక్కడి చలికి గడ్డకట్టి పగులుతుంది. మెయింటైనర్ (బ్యాటరీని ఎప్పుడూ నిండుగా ఉంచే చిన్న ఛార్జర్) ఉంటే తగిలించేయండి, లేకపోతే నల్ల కేబుల్ ఊడదీసి ఉంచి నెలకోసారి 2 ఆంపుల చిన్న ఛార్జర్ పెడితే చాలు.