బ్లాకౌట్ క్యూని ముందే బ్లాక్ చేసి పెట్టుకోండి
ట్రాకింగ్ పద్ధతిలో పనిచేసే లైటింగ్ కన్సోల్ (స్టేజి లైట్లని నడిపే బోర్డు) మీద కూర్చునేవాళ్లకి ఒక చిన్న మాట. ఇలాంటి బోర్డు ఒక్కో క్యూలో, అంటే సేవ్ చేసి పెట్టుకున్న ఒక్కో లైటింగ్ సెట్టింగులో, మారిన విలువల్నే రాసుకుంటుంది, మారనివి వెనక క్యూ నుంచి అలాగే నడిచొస్తాయి. రిహార్సల్ మధ్యలో డైరెక్టర్ "ముఖం కనపడట్లేదు" అన్నారని 12వ క్యూలో ఇంతవరకూ వాడని ఒక లైటు ఛానెల్‌ని 40 శాతానికి తెచ్చి అప్‌డేట్ కొట్టారనుకోండి, దాన్ని సున్నా చేయమని తర్వాతి ఏ క్యూలోనూ రాసి లేదు కాబట్టి ఆ లైటు 13, 14 దాటి 15లోని, స్టేజి మొత్తం చీకటైపోవాల్సిన బ్లాకౌట్‌లో కూడా హాయిగా వెలుగుతూనే ఉంటుంది. చీకట్లో కుర్చీలు మోస్తున్నవాళ్లంతా ప్రేక్షకులకి కనిపిస్తారు. నాకు జరిగింది, అందుకే చెప్తున్నా.

బ్లాకౌట్‌నీ, ప్రతి సీను మొదటి క్యూనీ బ్లాక్ చేయండి, అంటే వెనక నుంచి నడిచొచ్చే విలువల్ని కూడా ఆ క్యూలోనే సొంతంగా రాయించండి. వెనక చేసిన మార్పులు అక్కడితో ఆగిపోతాయి. ఆ ఒక్క క్యూలోనే మార్పు కావాలంటే రికార్డు చేసేటప్పుడు క్యూ ఓన్లీ వాడండి. అలాగని అన్నిటినీ బ్లాక్ చేసేయకండి, రేపు ఒక రంగు మార్చాలంటే ముప్ఫై క్యూలు తెరవాల్సొస్తుంది, ఇక ట్రాకింగ్ ఉండి ఏం లాభం?

అప్‌డేట్ కొట్టగానే ఒకసారి, స్టేజి మీది లైట్లు మారకుండా క్యూలని చూపించే బ్లైండ్‌లోకి వెళ్లి తర్వాతి బ్లాకౌట్‌లో అన్నీ సున్నాలే ఉన్నాయో లేదో చూసుకోండి, పది సెకన్ల పని.