పిల్లలతో డైనోసార్ సినిమా చూసి, అందులో నిజమెంతో తేల్చడం ఎలా?

యానిమేషన్ సినిమా అయిపోగానే పిల్లలు అడిగే ప్రశ్న ఒకటుంది: "అప్పట్లో నిజంగా ఇలాగే ఉండేదా?" చాలామందిమి "అది సినిమా నాన్నా, ఊరికే చూపిస్తారు" అనేసి టీవీ కట్టేస్తాం. నాకు మాత్రం ఆ ప్రశ్నను అలా వదిలేయడానికి మనసొప్పదు. కోట్ల ఏళ్ల కాలాన్ని ఊహించుకోవడం పెద్దవాళ్లకే కష్టం. పిల్లలు తమంతట తాము ఆ గుమ్మం దాకా వచ్చినప్పుడు చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లాలి. దానికి సైన్సు డిగ్రీ అక్కర్లేదు. 2.5 మీటర్ల పురికొస, ఒక టేపు, పది బట్టల క్లిప్పులు, కొన్ని కాగితం ముక్కలు ఉంటే ఒక ఆదివారం సరిపోతుంది.

ముందు సినిమా పూర్తిగా చూడనివ్వండి

మధ్యలో ఆపి "ఇది తప్పు" అనకండి. అలా రెండుసార్లు అన్నారంటే పిల్లలు మీతో కలిసి సినిమా చూడటమే మానేస్తారు. అయిపోయాక, తమకు అనుమానం వచ్చిన విషయాలు మూడు చెప్పమనండి. వాళ్ల మాటల్లోనే కాగితం మీద రాసుకోండి.

కావాలని కల్పించింది ఏదో విడదీయండి

జంతువులు మాట్లాడటం తప్పు కాదు, అది కథ. 2015లో వచ్చిన 'ది గుడ్ డైనోసార్' మొదట్లోనే ఒక షరతు పెడుతుంది: డైనోసార్లను అంతం చేసిన గ్రహశకలం (అంతరిక్షంలోని పెద్ద బండ) భూమిని ఢీకొట్టకుండా పక్కనుంచి వెళ్లిపోయింది అనుకుందాం అని. అందుకే అందులో మనిషి పిల్లవాడు, డైనోసార్ కలిసి తిరుగుతారు. 'ది క్రూడ్స్'లో జంతువులను చాలావరకు పూర్తిగా కల్పించారు. ఇలాంటివాటిని పక్కన పెట్టండి. నిజమేనని పిల్లలు నమ్మేసే అవకాశం ఉన్నవాటినే పరీక్షకు తీసుకోండి.

పురికొస మీద కాలాన్ని కొలవండి

అన్నిటికంటే ఎక్కువసేపు ఇక్కడే గడపండి. పురికొసకు ఒక చివర ముడి వేయండి. ఆ ముడి ఈ రోజు. అక్కడినుంచి ప్రతి సెంటీమీటరూ 10 లక్షల ఏళ్లు. ఇక క్లిప్పులు పెట్టించండి, టేపు పిల్లల చేతికే ఇవ్వండి.

66వ సెంటీమీటరు దగ్గర ఎర్ర క్లిప్పు: 6 కోట్ల 60 లక్షల ఏళ్ల క్రితం, పక్షులు తప్ప డైనోసార్లన్నీ అంతరించిన చోటు. భారీ మాంసాహారి టి. రెక్స్ (టైరనోసారస్ రెక్స్) దాని పక్కనే, 66 నుంచి 68 మధ్య. మూడు కొమ్ముల ట్రైసెరాటాప్స్ కూడా అక్కడే. వీపు మీద పలకలుండే స్టెగోసారస్, పొడుగు మెడ అపాటోసారస్ 150 దగ్గర. మొట్టమొదటి డైనోసార్లు సుమారు 230 దగ్గర.

ఇప్పుడు పిల్లలను ఒక దూరం కొలవమనండి. స్టెగోసారస్ నుంచి టి. రెక్స్‌కి 80 సెంటీమీటర్ల పైనే. టి. రెక్స్ నుంచి మనకు 66. అంటే టి. రెక్స్‌కి స్టెగోసారస్ కంటే మనమే దగ్గర! ఈ మాట నోటితో చెబితే ఎవరికీ ఎక్కదు, పురికొస మీద చూస్తే మర్చిపోరు.

ఆ పురికొస పట్టుకునే సినిమాల దగ్గరికి వెళ్లండి. 1940 నాటి 'ఫాంటేసియా'లో టి. రెక్స్, స్టెగోసారస్ పోట్లాడుకుంటాయి. 1988 నాటి 'ది ల్యాండ్ బిఫోర్ టైమ్'లో అపాటోసారస్ పిల్ల, ట్రైసెరాటాప్స్ పిల్ల, స్టెగోసారస్ పిల్ల స్నేహితులు. 2000లో వచ్చిన 'డైనోసార్'లో ఇగ్వానడాన్ అనే శాకాహార డైనోసార్‌ను లెమూర్లు (కోతుల్లాంటి జంతువులు) పెంచుతాయి. లెమూర్లు ఎర్ర క్లిప్పుకి ఇటువైపు జీవులు, అప్పటికి ఇంకా పుట్టనే లేదు.

మనిషి ఎక్కడ? మన జాతి వయసు సుమారు 3 లక్షల ఏళ్లు, అంటే 3 మిల్లీమీటర్లు. ముడిలోనే కలిసిపోతుంది. మామత్‌లతో (మంచుయుగపు బొచ్చు ఏనుగులతో) మనుషులు బతికిన రోజులూ ఆ ముడిలోవే. అందుకే 2002 నాటి 'ఐస్ ఏజ్'లో మామత్, స్లాత్, కత్తికోరల పులి, మనుషులు ఒకే కాలంలో కనిపించడం సరైనదే. ఇంకో సంగతి కూడా చెప్పండి: ఈజిప్టులో గిజా పిరమిడ్ కట్టేసరికి ఆర్కిటిక్ సముద్రంలోని రాంగెల్ దీవిలో మామత్‌లు ఇంకా బతికే ఉన్నాయి.

బొమ్మల ప్యాకెట్లో వీపు మీద తెరచాపలా ఉండే డైమెట్రోడాన్ దొరికితే దాన్నీ తీసుకురండి. దానికి ఈ పురికొస చాలదు, ఇంకా అవతలికి వెళ్లాలి. అది డైనోసార్ కాదు, క్షీరదాల పూర్వీకుల వైపు కొమ్మ. ఎగిరే టెరనడాన్ కూడా డైనోసార్ కాదు.

గ్లోబు తిప్పండి

కాలం కలిసినా చోటు కలవాలి. కత్తికోరల స్మైలోడాన్ ఎముకలు అమెరికా ఖండాల్లోనే దొరికాయి. లాస్ ఏంజెలెస్‌లోని లా బ్రియా తారు గుంటల్లో కుప్పలుగా బయటపడ్డాయి. మనకు దగ్గరి బంధువులైన, ఇప్పుడు లేని నియాండర్తల్ మనుషులు యూరప్, ఆసియాల్లో ఉండేవాళ్లు. ఈ రెండూ ఒకే సీన్లో కనిపిస్తే అనుమానించాలి. 'డైనోసార్'లో ఇగ్వానడాన్‌ను తరిమే మాంసాహార డైనోసార్ కార్నోటారస్ అర్జెంటీనాది. ఇగ్వానడాన్ యూరప్‌ది, బెల్జియంలో ఒక బొగ్గు గనిలో 1878లో వాటి అస్థిపంజరాలు పెద్ద సంఖ్యలో దొరికాయి. ఈ రెంటికీ కాలం కూడా కలవదు.

ఒంటిని చూసేముందు సినిమా వచ్చిన ఏడాది చూడండి

ఇది న్యాయం కోసం. ఈకల ఆనవాళ్లున్న చిన్న డైనోసార్ సైనోసారోప్టెరిక్స్ చైనాలో 1996లో వెలుగులోకి వచ్చింది. కాబట్టి 1988 సినిమాలో ఈకలు లేవని తప్పు పట్టలేం. వేటాడే డైనోసార్ వెలాసిరాప్టర్ ముంజేతి ఎముక మీద ఈకలు అతుక్కునే బుడిపెలు 2007లో కనిపించాయి. ఆ తర్వాత తీసిన సినిమాలో అది బల్లిలా నున్నగా ఉంటే అడగాల్సిందే. అసలు వెలాసిరాప్టర్ తోకతో కలిపి సుమారు 2 మీటర్ల పొడవే, ఎత్తులో టర్కీ కోడి అంత. టి. రెక్స్ చేతికి వేళ్లు లెక్కపెట్టించండి, రెండే ఉండాలి. 'ఫాంటేసియా'లో మూడు గీశారు. తోక నేల మీద ఈడుస్తుంటే అది పాత ఆలోచన.

రంగుల గురించి మాత్రం "ఎవరికి తెలుసు" అనేయకండి. 2010లో శిలాజ ఈకల్లోని రంగు కణాలను చూసి సైనోసారోప్టెరిక్స్ తోకకు ఇటుక రంగు, తెలుపు చారలు ఉండేవని తేల్చారు.

వెనకాల ఉన్న గడ్డిని వదలకండి

డైనోసార్ల కాలంలో గడ్డే లేదని పాత పుస్తకాల్లో చదువుకున్నాం. మహారాష్ట్రలోని పిస్దుర దగ్గర దొరికిన డైనోసార్ పేడ శిలాజాలు ఆ మాటను మార్చేశాయి. వాటిలో గడ్డి తాలూకు సూక్ష్మ కణాలున్నాయని 2005లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. అయితే గడ్డి ఉండటం వేరు, కనుచూపు మేర పచ్చిక మైదానాలు ఉండటం వేరు. అలాంటి మైదానాలు చాలా తర్వాత వచ్చినవి. సినిమాలో పొడుగు మెడ డైనోసార్లు పచ్చిక బయలు మీద పరుగెడుతుంటే ఆ తేడా చెప్పండి.

కల్పన నిజమైన సందర్భం ఒకటి చెప్పండి

ఎప్పుడూ తప్పులే వెతికితే పిల్లలకు విసుగొస్తుంది. 'ఐస్ ఏజ్'లో కోరలున్న ఉడుతను ఊహించి గీశారు. ఆ తర్వాత 2011లో, పొడుగు కోరలున్న చిన్న క్షీరదం క్రొనోపియో పుర్రెలు అర్జెంటీనాలో దొరికాయని వార్త వచ్చింది. అది ఉడుత కాదు, డైనోసార్ల కాలపుది. అయినా ముఖం చూస్తే పిల్లలు గంతులేస్తారు.

చివరగా అసలు ఎముకలు చూపించండి

హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో కోటాసారస్ అస్థిపంజరం ఉంది. సుమారు 9 మీటర్ల పొడుగు మెడ డైనోసార్. ఎముకలు ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర తవ్వి తీసినవి, మన గోదావరి, ప్రాణహిత పరీవాహకంలోవి. అదే లోయలో దొరికిన మరో పొడుగు మెడ డైనోసార్ బారపాసారస్ కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంది. రాతియుగం సినిమా చూసి ఉంటే నంద్యాల జిల్లా జ్వాలాపురం కథ చెప్పండి. సుమారు 74,000 ఏళ్ల క్రితం ఇండోనేషియాలోని సుమత్రా దీవిలో పేలిన టోబా అగ్నిపర్వతం బూడిద పొర అక్కడ ఉంది. ఆ పొరకు కిందా పైనా రాతి పనిముట్లు దొరికాయి.

మ్యూజియానికి వెళ్లేటప్పుడు ఒక ఖాళీ క్లిప్పు పిల్లల జేబులో వేయండి. కోటాసారస్ స్టెగోసారస్ కంటే పాతది. ఇంటికొచ్చాక ఆ క్లిప్పును 150 దాటి అవతల ఎక్కడ పెట్టాలో వాళ్లనే వెతకనివ్వండి.