దిగుడులో గూడ్స్ బండి చేయి దాటిపోకుండా

రైలు నడిపే కంప్యూటర్ ఆట ఓపెన్ రైల్స్‌లో మరియాస్ పాస్ రూట్ నడిపేవాళ్లకు ఒక మాట. అమెరికాలోని మోంటానా కొండల మీది ఈ దారి 2001లో వచ్చిన మైక్రోసాఫ్ట్ ట్రైన్ సిమ్యులేటర్‌తోనే ఉంది, ఆ ఆట దారులు ఓపెన్ రైల్స్‌లోనూ నడుస్తాయి. ఎక్కించడం ఓపిక పని అంతే. టెన్షన్ అంతా దిగేటప్పుడే.

మనలో చాలామంది వేగం పెరగ్గానే బ్రేకు వేసి, తగ్గగానే వదిలేసి, మళ్లీ వేస్తుంటాం. కారుకైతే సరిపోతుంది, రైలుకు ప్రమాదం. అక్కడి గూడ్సుల్లో బ్రేకు కొంచెం కొంచెంగా వదలడం కుదరదు, వదిలితే మొత్తం వదిలేస్తుంది. పైగా ప్రతి వ్యాగన్ కింద ఉన్న ట్యాంకులో బ్రేకుకు కావాల్సిన గాలి మళ్లీ నిండాలి. నిండకముందే ఇంకోసారి వేస్తే పట్టు తగ్గుతుంది. మూడోసారికి బండి మన మాట వినదు.

అందుకే శిఖరం దాటేలోపే వేగం బాగా తగ్గించండి. ముందు డైనమిక్ బ్రేకు (ఇంజన్ మోటార్లతోనే వేగం తగ్గించేది) వేయండి. అది చాలకపోతే గాలి బ్రేకు. బండి పొడవునా ఉన్న బ్రేకు పైపులో గాలి ఒత్తిడి తగ్గితే బ్రేకు పడుతుంది, కాబట్టి ఆ ఒత్తిడిని 90 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) నుంచి 83 దాకా ఒక్కసారే దించి, చేయి తీసేయండి. వేగం వెంటనే తగ్గదు, కంగారుపడి ఇంకా లాగకండి. ఎఫ్5 నొక్కితే తెర మీద చివరి వ్యాగన్ ఒత్తిడి కూడా కనిపిస్తుంది. ఇంజన్ దగ్గర అంకె ఎప్పుడో ఆగిపోయినా అక్కడ ఇంకా మెల్లగా పడుతూనే ఉంటుంది. నేను చూసేది ఆ అంకెనే. ఆ తర్వాత వేగాన్ని డైనమిక్ బ్రేకుతోనే సర్దుకోండి, గాలి బ్రేకును కదపొద్దు.