పిచికారీ పంపు ఇత్తడి నట్టు నిలువునా పగులుతుంటే: సమస్య - పరిష్కారం

సిరోంచ, అంకీస వైపు పత్తి, మిర్చి వేసే ఇళ్లలో ఈ మాట తరచూ వినిపిస్తుంది: "వానల ముందు బాగానే ఉన్న పంపు, బయటికి తీసేసరికి నట్టు పగిలి ఉంది. ఎవరూ ముట్టుకోలేదు." షాపువాడు నాసిరకం అంటగట్టాడని తిట్టుకుంటాం. చాలాసార్లు తప్పు నట్టుది కాదు, దాన్ని దాచిన చోటుది.

ముందు పగులు ఉందో లేదో తేల్చుకోండి. నట్టు విప్పి, మట్టి కడిగి ఆరబెట్టి, కాసేపు డీజిల్‌లో వేయండి. తీసి పొడిగుడ్డతో గట్టిగా తుడిచి, పైన సుద్దపొడి రాయండి. పగులు ఉంటే లోపలి డీజిల్ ఊరి తెల్లటి పొడి మీద సన్నటి తడిగీత తేలుతుంది. ఆ గీత ఎటు పోయింది, ఎప్పుడు పడింది అన్నదే అసలు ఆధారం.

వాడకుండా ఉంచినప్పుడే నిలువుగా పగిలింది, ఎక్కడా వంగలేదు, సాగలేదు అనుకోండి. ఇది అమ్మోనియా పని. పంపును పశువుల కొట్టంలోనో, చిరిగిన యూరియా బస్తా పక్కనో పెట్టి ఉంటారు. పశువుల మూత్రంలోని యూరియా, నేల మీద ఒలికి తడిసిన యూరియా కుళ్లి అమ్మోనియా వాయువు వదులుతాయి. గాలిలో తేమ తోడైతే, బిగుతు మీద ఉన్న ఇత్తడిని అది చడీచప్పుడు లేకుండా చీలుస్తుంది. జింకు 15 శాతం దాటిన ఇత్తడికి ఈ ముప్పు ఎక్కువ. మన నట్లలో అది అంతకు చాలా ఎక్కువే ఉంటుంది. బ్రిటిష్ వాళ్ల కాలంలో మన దేశంలోనే వానాకాలం గుర్రపుశాలల్లో నిల్వ చేసిన తూటాల ఇత్తడి గొట్టాలు ఇలాగే పగిలేవి. కారణం అమ్మోనియా అని 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్‌సన్ అనే ముగ్గురు తేల్చారు.

మళ్లీ ఇలా పగలకుండా చూసుకోవడానికి పైసా ఖర్చు లేదు. సీజన్ అయ్యాక పంపును మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టి, నట్లన్నీ వదులు చేసి, కొట్టానికి, ఎరువుల గదికి దూరంగా వేలాడదీయండి. వదులు చేయడం మరవొద్దు: బిగింపు వల్ల లోపల పుట్టే లాగుడు లేని ఇత్తడి అంత తేలిగ్గా పగలదు. తూటాల కర్మాగారాల్లో, తయారీలో గొట్టాల్లో మిగిలిన లాగుడు పోగొట్టడానికి వాటిని సుమారు 250-300 డిగ్రీల సెల్సియస్ దాకా వేడిచేస్తారు. ఒక్క నట్టు కోసం ఆ తంటా ఎందుకు? ఇప్పటికే పగిలి ఉంటే కొత్తది కొనండి. పగిలినదాన్ని ఎం-సీల్ పెట్టి నడపొద్దు, మందు మొహం మీద చిమ్ముతుంది.

పాన పెట్టి బిగిస్తుంటే టక్కున పగిలింది. అంటే వాషర్ అరిగిపోయింది. కారుతోందని మళ్లీ మళ్లీ బిగిస్తున్నారు. వాషర్ మార్చి చేత్తో బిగిస్తే చాలు.

పసుపు పోయి రాగిరంగు మచ్చలు పడ్డాయి, గోరుతో గీకితే పొడి రాలుతోంది. నీళ్లకో మందుకో లోపలి జింకు కరిగిపోయి, గుల్లబారిన రాగి మిగిలింది. ఏం చేసినా బాగుపడదు, పారేయండి. కొత్తది ప్లాస్టిక్‌దైనా పర్వాలేదు, నన్నడిగితే అదే మేలు.

డీజిల్ ఇంజన్ రాగి పైపు వెడల్పు చేసిన మూతి దగ్గర మాటిమాటికీ చీలుతోంది. ఇది వేరే రోగం. వంచి, సాగదీసి, ఇంజన్ అదురుకు వదిలేస్తే రాగి గట్టిపడి పెళుసవుతుంది. మళ్లీ మళ్లీ నింపి వాడే రైఫిల్ తూటా గొట్టం మూతి చీలేదీ అందుకే. చీలిన మేర కోసేసి, పైపు విప్పి డీజిల్ చుక్క లేకుండా ఖాళీ చేసి, ఇంజన్‌కు దూరంగా ఆ కొసను మసక ఎరుపు వచ్చేదాకా కాల్చి చల్లార్చండి. మెత్తబడ్డాకే మూతి వెడల్పు చేయాలి. పైపును మధ్యలో ఒక క్లిప్పుతో ఇంజన్‌కు కట్టకపోతే ఆ అదురుకు మళ్లీ అక్కడే చీలుతుంది.