దగ్గు కాని దగ్గు: పిల్లల్లో టిక్స్‌ని, టూరెట్‌ని గుర్తుపట్టడం ఎలా

మా వాడికి ఏడో ఏట గొంతు సవరించుకోవడం మొదలైంది. "హుఁ హుఁ" అని, నిమిషానికి రెండు మూడు సార్లు. మాది టంగుటూరు వైపు, అప్పుడు బ్యారన్లలో పొగాకు క్యూరింగ్ (వేడి పెట్టి ఆకు ఆరబెట్టడం) నడుస్తోంది, దాంతో మా అత్తగారు "పొగాకు ఘాటు పడలేదమ్మా, మిరియాల పాలు పట్టు" అన్నారు, నేనూ అదే అనుకున్నా. మిరియాల పాలు అయ్యాయి, రెండు రకాల సిరప్‌లు అయ్యాయి, ఒకచోట అలర్జీ అని మూడు నెలలు మాత్రలు వాడించారు. క్యూరింగ్ అయిపోయింది, వేలం కూడా అయిపోయింది, "హుఁ హుఁ" మాత్రం పోలేదు. అంతకు ముందు ఏడాది వాడు కళ్లు టపటపా ఆర్పేవాడు, దానికి చుక్కల మందు వేసి, టీవీ మాన్పించాం. ఆ రెండూ ఒకే తీగకు కాసిన కాయలని తెలియడానికి ఏడాదిన్నర పట్టింది.

టిక్ అంటే పిల్లాడు కావాలని చేయని, ఉన్నట్టుండి వచ్చి పోయే, మళ్లీ మళ్లీ అదే తీరుగా వచ్చే కదలిక లేదా శబ్దం. కళ్లు ఆర్పడం, మూతి వంకర తిప్పడం, భుజం ఎగరేయడం, మెడ విదిలించడం ఒక రకం. గొంతు సవరించడం, ముక్కు ఎగబీల్చడం, పొడి దగ్గు, మూలుగు, చిన్న కూత, ఒక్కోసారి ఒక మాటో మాట ముక్కో పదే పదే రావడం రెండో రకం, వీటిని వోకల్ టిక్స్ అంటారు. మనం పట్టుకోలేకపోయేది ఈ రెండో రకాన్నే, ఎందుకంటే అచ్చం జలుబులా ఉంటాయి. చీమకుర్తి వైపు ఉంటే గ్రానైట్ దుమ్ము అంటాం, మా దగ్గర పొగాకు అంటాం, నెల్లూరులో ఉంటే ఏసీ పడలేదంటాం. ప్రతి ఊళ్లోనూ ఒక సాకు సిద్ధంగా ఉంటుంది.

మరి మామూలు దగ్గుకీ దీనికీ తేడా ఎలా తెలుస్తుంది? నిద్రలో చూడండి. ఆస్తమా దగ్గు రాత్రిపూట, తెల్లవారుజామున ఎక్కువవుతుంది, టిక్ మాత్రం నిద్రలో బాగా తగ్గిపోతుంది, చాలామందిలో దాదాపు కనిపించదు. జ్వరం ఉండదు, కళ్లె పడదు, ముక్కు కారకపోయినా ఎగబీలుస్తూనే ఉంటాడు. శబ్దం ప్రతిసారీ ఒకేలా ఉంటుంది, టేపు వేసినట్టు. కళ్ల విషయంలోనూ అంతే, ఎరుపూ దురదా నీరూ ఏమీ లేకుండా ఆర్పుతుంటే కంటి డాక్టరు ఏమీ లేదన్న తర్వాత టిక్ గురించి ఆలోచించాలి. అలాగని మొదటి రోజే టిక్ అని మీరే తేల్చేయకండి, ముక్కూ గొంతూ ఒకసారి చూపించడం మంచిదే. నేను చెప్పేది మూడో సిరప్ సీసా దగ్గర ఆగమని.

ఇంకో పెద్ద గుర్తు, ఇది ఒకే పోకడగా ఉండదు. కొన్ని వారాలు ఎక్కువ, కొన్ని వారాలు దాదాపు లేదు, కళ్లది పోయి మెడది వస్తుంది, మెడది పోయి గొంతుది వస్తుంది. అందుకే మనం ప్రతిసారీ మోసపోతాం, అప్పుడు వాడుతున్న మందో కట్టిన తాయెత్తో పనిచేసిందనుకుంటాం. దర్గాకు తీసుకెళ్లి వచ్చాక మా వాడికి నెల రోజులు తగ్గింది. నేను దండం పెట్టుకోవద్దనడం లేదు, నేనూ పెట్టుకున్నా, కానీ తగ్గడం దాని సహజ గుణం అని తర్వాత అర్థమైంది.

"కావాలనే చేస్తున్నాడు, మేష్టారి ముందు చేయడు కదా" అనే మాట ప్రతి ఇంట్లో వస్తుంది. కొంతసేపు ఆపుకోగలడు, నిజమే. తుమ్ము వచ్చే ముందు ముక్కులో చిరచిరలాడుతుంది చూడండి, టిక్‌కి ముందు అలాంటిదే ఏదో ఒక ఒత్తిడి గొంతులోనో మెడలోనో వస్తుందని కాస్త పెద్ద పిల్లలు చెప్తారు, అది చేసేస్తేగానీ తీరదు. మా వాడు "గొంతులో చీమ ఉంది" అన్నాడు, మేం నిజంగానే టార్చి వేసి చూశాం! బడిలో రోజంతా బిగబట్టుకున్న పిల్లలు కొందరు ఇంటికొచ్చి బ్యాగు కింద పెట్టగానే వరసపెట్టి మొదలుపెడతారు. అది మనమంటే భయం లేక కాదు, ఇంట్లో ఆపుకోవాల్సిన పని లేదు కాబట్టి. పరీక్షల టెన్షన్, నిద్ర లేకపోవడం, పండగ సంబరం కూడా పెంచుతాయి. మనసు పెట్టి బొమ్మ వేస్తున్నప్పుడో ఆడుతున్నప్పుడో తగ్గుతాయి.

ఈ టిక్స్‌కి టూరెట్ అనే జబ్బు పేరు ఎప్పుడు పెడతారంటే, కదలిక టిక్స్ కనీసం రెండు, శబ్దం టిక్ కనీసం ఒకటి ఉండాలి, అన్నీ ఒకేసారి ఉండనక్కర్లేదు, మొదటిది వచ్చి ఏడాది దాటాలి, 18 ఏళ్ల లోపు మొదలై ఉండాలి, వేరే జబ్బు వల్లో మందు వల్లో వచ్చినవి కాకూడదు. ఏడాది దాటని టిక్స్ బడి పిల్లల్లో మామూలే, చాలామందికి వాటంతటవే పోతాయి. ఈ పేరు 1885లో తొమ్మిది మంది రోగుల గురించి రాసిన ఫ్రాన్స్ డాక్టరు జార్జ్ జిల్ ద లా టూరెట్‌ది. సాధారణంగా ఐదారేళ్లకు మొదలై, 10-12 ఏళ్ల మధ్య ముదిరి, ఆ తర్వాత చాలామందిలో తగ్గుతుంది. ఆడపిల్లల కంటే మగపిల్లల్లో మూడు నాలుగు రెట్లు ఎక్కువ. బూతులు తిట్టే జబ్బు అని వీడియోలు చూసి భయపడకండి, ఆ లక్షణం పదిమందిలో ఒకరికి మించి పెద్దగా ఉండదు.

ఇక మీరు చేయాల్సింది. ఒక నోట్‌బుక్ పెట్టి నాలుగు వారాలు రాయండి: ఏ టిక్, ఏ పూట ఎక్కువ, ముందు ఏం జరిగింది, నిద్రలో ఉందా. పాతవి కూడా గుర్తు తెచ్చుకుని రాయండి, మాకు కళ్ల సంగతి అక్కడే బయటపడింది. పిల్లాడికి తెలియకుండా ఫోనులో రెండు మూడు చిన్న వీడియోలు తీయండి, ఎందుకంటే డాక్టరు ఎదుట కూర్చున్న పది నిమిషాలూ వాడు బుద్ధుడిలా ఉంటాడు. వీడియో డాక్టరుకి తప్ప బంధువుల గ్రూపుల్లోకి పోనివ్వకండి. పిల్లల డాక్టరుతో మొదలుపెట్టి, ఆయన చెబితే న్యూరాలజిస్టు దగ్గరికో సైకియాట్రిస్టు దగ్గరికో వెళ్లండి. నెల్లూరులోనైతే పొగతోట అనే పేట అంతా ఆసుపత్రులే, ప్రభుత్వ వైద్యం కావాలంటే నెల్లూరు, ఒంగోలు మెడికల్ కాలేజీ ఆసుపత్రులున్నాయి. ఎవర్ని అడగాలో తోచకపోతే మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయొచ్చు, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. టూరెట్‌ని తేల్చే రక్తపరీక్ష గానీ స్కాన్ గానీ లేదు, చెప్పింది విని, చూసి నిర్ధారిస్తారు. వేరే జబ్బు అనుమానం ఉంటేనే పరీక్షలు రాస్తారు, ఎందుకో అడగండి. ఏకాగ్రత లేకపోవడం, అతిగా కదలడం, చేసిందే చేయడం లాంటివి కూడా ఉంటే తప్పక చెప్పండి, చాలామంది పిల్లలకు టిక్స్ కంటే అవే ఎక్కువ ఇబ్బంది. ఇబ్బంది లేని టిక్‌కి మందు అక్కర్లేదు. ఇబ్బంది ఉంటే, టిక్ రాబోతోందని పసిగట్టి దానికి అడ్డుపడే వేరే కదలిక చేయడం నేర్పే థెరపీ ఉంది, అవసరమైతే మందులున్నాయి, అవి డాక్టరే రాయాలి.

ఆలస్యం చేయకూడనివి కొన్ని. కదలిక వచ్చినప్పుడు పిలిస్తే పలక్కుండా చూపు నిలిచిపోతే అది టిక్ కాకపోవచ్చు, మూర్ఛ కావచ్చు. గొంతు నొప్పి, జ్వరం వచ్చిన కొన్నాళ్లకు చేతులు వంకర్లు తిరుగుతూ చేతిరాత చెడిపోయి గ్లాసు కూడా నిలకడగా పట్టుకోలేకపోతున్నా, కొత్త మందు మొదలుపెట్టాక వచ్చినా, మెడ విదిలింపు వల్ల చేతులు తిమ్మిరెక్కుతున్నా వెంటనే చూపించండి.

క్లాసు టీచరుకి కాగితం మీద నాలుగు వాక్యాలు రాసిచ్చాను: ఇది కావాలని చేసేది కాదు, ఆపమంటే పెరుగుతుంది, పట్టించుకోకపోవడమే సాయం, మరీ ఎక్కువైతే నీళ్ల వంకతో ఐదు నిమిషాలు బయటికి పంపండి. వాణ్ని చివరి బెంచీకి మార్చమని మాత్రం అడగలేదు, అది శిక్షలా ఉంటుంది.

ఒక్క జాగ్రత్త, ఇది చదివాక పిల్లాణ్ని పిలిచి "ఏదీ, ఇంకోసారి చెయ్యి" అనకండి. టిక్స్ మాటెత్తితే అవి వస్తాయి. ఇది రాస్తూ ఒక వాక్యం పైకి చదివాను, పక్కన హోంవర్కు చేసుకుంటున్నవాడు తలెత్తకుండానే "హుఁ" అన్నాడు, నేను విననట్టు ఉండిపోయాను.