ఉప్పునీటి అక్వేరియంలో చేపలు కొట్టుకోకుండా ఎలా చూసుకోవాలి?

పొద్దున్నే లైటు వేసి చూస్తే క్లౌన్ ఫిష్ రెండూ ట్యాంకు పై మూలలో, ఫిల్టర్ పైపు వెనక నక్కి ఉన్నాయి. చిన్నదాని తోక అంచు దువ్వెన పళ్లలా చీలికలైపోయింది. కింద రాళ్లలో ఉన్న నలుపు తెలుపు చారల డామ్సెల్ నా బొటనవేలంత ఉంటుందంతే, కానీ అవి జానెడు కిందికి దిగితే చాలు, రివ్వున వచ్చి పైకి తరిమి మళ్లీ తన కన్నంలో దూరుతోంది. ట్యాంకు కొత్తగా పెట్టినప్పుడు "ముందు ఇవి వేయండి సార్, గట్టి చేపలు, చవక, నీళ్లు సెట్టయ్యేదాకా తట్టుకుంటాయి" అని షాపులో చెబితే మూడు తెచ్చాను. నెల తిరిగేసరికి మిగిలింది ఇదొక్కటే.

ఉప్పునీటి ట్యాంకు కొత్తగా పెట్టేవాళ్లలో చాలామందికి ఈ టెన్షన్ వస్తుంది. ఎందుకంటే నీళ్ల గురించి, లైట్ల గురించి ఎంతో చదువుతాం గానీ, ఏ చేప పక్కన ఏ చేప బతుకుతుందన్నది మాత్రం షాపులో నిలబడి, రంగు చూసి, ఆ నిమిషంలో తేల్చేస్తాం.

అసలు ఎందుకు కొట్టుకుంటాయి?

పగడపు దిబ్బల దగ్గర బతికే చేపల్లో చాలావాటికి ఒక కన్నం, దాని చుట్టూ కాస్త తిండి దొరికే చోటు, అంతే ఆస్తి. బస్సు కిటికీలోంచి రుమాలు వేసి సీటు ఆపుకున్నవాడు తర్వాత ఎలా కూర్చుంటాడో, ట్యాంకులోకి ముందు దిగిన చేప అలాగే కూర్చుంటుంది. వెనక వచ్చిన ప్రతి చేపా ఆ సీటు కోసం వచ్చినట్టే దానికి. సముద్రంలో అయితే ఓడిన చేప పది గజాలు అవతలికి పోయి ఇంకో రాయి చూసుకుంటుంది, మన నాలుగడుగుల గాజు పెట్టెలో పోవడానికి చోటే లేదు, కాబట్టి తరిమేది ఆపదు, పారిపోయేదానికి ఊపిరి సలపదు. చాలా చేపలు దెబ్బలకంటే ఈ అలుపుతోనే తిండి మానేసి, ఆ నీరసంలో తెల్లమచ్చల జబ్బు తగులుకుని పోతాయి.

1. కొనే ముందే తేల్చుకోండి

మొదట నోరు చూడండి. ఒక చేప నోట్లో పట్టే ఇంకో చేపని దానితో కలిపి ఉంచకూడదు. లయన్ ఫిష్ ఎవర్నీ తరమదు, నెమ్మదిగా తేలుతూ ఉంటుంది, కానీ నోటికి సరిపోయినదాన్ని మింగేస్తుంది. ట్రిగ్గర్ చేపలుంటే రొయ్యల మీద, పీతల మీద ఆశ వదులుకోవడమే మంచిది.

తర్వాత పోలిక. ఒకే జాతి, ఒకే ఒంటి తీరు, ఒకే రకం తిండి ఉన్న చేపలకి పడదు. పసుపు టాంగ్, ఊదా టాంగ్ రంగులు వేరైనా ఆకారం ఒకటే, అందుకే ఒకదాన్ని చూస్తే ఇంకోదానికి ఒళ్లు మండుతుంది. టాంగ్‌ల తోక మొదట్లో రెండు వైపులా కత్తిలాంటి ముల్లు ఉంటుంది. పక్కకి తిరిగి తోక ఝాడించిందంటే ఎదుటి చేప ఒంటి మీద గీత పడినట్టే, మీరు చెయ్యి పెట్టినా జాగ్రత్త. పైగా పసుపు టాంగ్‌కి కనీసం నాలుగడుగుల ట్యాంకు, పౌడర్ బ్లూ టాంగ్‌కి ఆరడుగులు కావాలి. చిన్న ట్యాంకులో పెడితే అది పెద్దయ్యేకొద్దీ మిగతావాటికి నరకం.

క్లౌన్ ఫిష్ సంగతి వేరు. పుట్టినప్పుడు అన్నీ మగవే, గుంపులో పెద్దది ఆడదిగా మారుతుంది, దాని తర్వాతది మగ జోడీ అవుతుంది. అందుకే రెండూ చిన్నవే, ఒకటి కాస్త పెద్దదిగా ఉండేలా చూసి ఒకేసారి కొనండి. పెద్దది దగ్గరికొస్తే చిన్నది ఒళ్లు పక్కకి వాల్చి గడగడ వణుకుతుంది. మొదటిసారి చూసినప్పుడు జబ్బేమో అని భయపడ్డాను, నిజానికి అది "నువ్వే పెద్ద" అని ఒప్పుకోవడం. అలా వణికితే జోడీ కుదిరినట్టు. ఇంట్లో పెంచే సైజు ట్యాంకులో మూడోది మాత్రం వద్దు, మిగతా రెండూ దాన్ని బతకనివ్వవు. మెరూన్ క్లౌన్ అయితే ఇంకా కోపిష్ఠిది, కొత్తవాళ్లు దాని జోలికి వెళ్లకపోవడమే మేలు.

ఆకుపచ్చ క్రోమిస్‌లు గుంపుగా అందంగా ఉంటాయని అయిదారు కొనేవాళ్లకి ఒక మాట. చిన్న ట్యాంకుల్లో అవి ఒకదాన్నొకటి తరుముకుంటూ నెలనెలా ఒకటి తగ్గి, చివరికి ఒకటో రెండో మిగలడం మామూలే.

2. రాళ్లు గోడలా పేర్చకండి

వెనక అద్దం పొడవునా ఒకే గోడ కడితే దానికి ఒకే యజమాని వస్తాడు. మధ్యలో ఖాళీ ఇసుక వదిలి, అటొకటి ఇటొకటి రెండు దిబ్బలుగా పేర్చండి. ప్రతి కన్నానికీ రెండు దారులుండాలి. ఒకటే దారి ఉంటే తరుముకొచ్చిన చేప వాకిట్లో నిలబడి లోపలిదాన్ని బయటికి రానివ్వదు.

3. పిరికివి ముందు, రౌడీలు చివర

దీన్ని పాటిస్తే సగం గొడవలు రావు. ఫైర్‌ఫిష్, గోబీలు, కార్డినల్ లాంటి నెమ్మదైనవి ముందు దిగాలి. తర్వాత రాయల్ గ్రామా, క్లౌన్ జోడీ. సిక్స్ లైన్ రాస్, చిన్న ఏంజెల్, టాంగ్ చివర్లో. డాటీబ్యాక్, డామ్సెల్ కావాలనుకుంటే అన్నిటికంటే ఆఖరున. నీళ్లు సెట్టవడానికి డామ్సెల్ వేయడం పాత అలవాటు, ఇప్పుడు దాని అవసరం లేదు, చేప లేకుండా అమ్మోనియా వేసి కూడా, చేపల మలినాల్ని శుభ్రం చేసే బాక్టీరియాని పెంచొచ్చు. మూత విషయం కూడా ఇక్కడే చెప్పాలి. ఫైర్‌ఫిష్‌ని ఎవరైనా తరిమితే అది గాల్లోకి ఎగురుతుంది, పొద్దున చూస్తే నేలమీద ఎండిపోయి ఉంటుంది. సన్నని వల మూతగా బిగించండి.

4. కొత్త చేపని తెచ్చి నేరుగా వదలొద్దు

వేరే చిన్న ట్యాంకులో నాలుగు వారాలు ఉంచి, జబ్బు లేదని, బాగా తింటోందని తేలాక, పెద్ద ట్యాంకులోనే చిల్లుల పెట్టెలో పెట్టి వేలాడదీయండి. అక్రిలిక్ పెట్టెలు అమ్ముతారు, లేకపోతే కూరగాయలు కడిగే కొత్త ప్లాస్టిక్ బుట్టలు రెండు ఒకదానిమీద ఒకటి బోర్లించి జిప్ టైలతో కట్టినా పనవుతుంది. మూడు రోజుల నుంచి వారం దాకా అలాగే ఉంచి, లోపలే మేత పెట్టండి. పాత చేప మొదటి రోజు పెట్టెని పొడుస్తూనే ఉంటుంది, మూడోరోజుకి విసుగొచ్చి వదిలేస్తుంది. అప్పటికీ అదే పనిగా పొడుస్తుంటే అసలు వదలకండి, ఆ జంట కుదరదు. వదిలేటప్పుడు లైట్లు తీసేసి, అంతకుముందే పాతవాటికి కడుపునిండా పెట్టండి.

5. గొడవ మొదలైతే

మొదటి రెండు మూడు రోజులు కాస్త తరుముకోవడం, రెక్కలు విప్పి బెదిరించుకోవడం ఉంటుంది, కంగారు పడొద్దు. తరిమించుకున్న చేప మేతకి వస్తోందా లేదా అన్నదే అసలు గుర్తు. వస్తోంటే ఆగండి. పై మూలలో ఉండిపోయి, మొప్పలు వేగంగా కొట్టుకుంటూ, రెక్కలు చీలి, మేత ముక్కు ముందుకి వచ్చినా తినకపోతే ఆ రోజే ఏదో ఒకటి చేయాలి. ఎండాకాలంలో ఇంకా తొందరపడాలి, నీళ్లు వేడెక్కితే ఆక్సిజన్ తగ్గుతుంది, పరిగెత్తే చేప తట్టుకోలేదు.

తరిమేది టాంగ్ అయితే ట్యాంకు బయట, గాజుకి ఆనించి ముఖం చూసుకునే అద్దం ఒకటి పెట్టండి. అది తన నీడతోనే పోట్లాడుతూ రెండు మూడు రోజులు కొత్తదాని సంగతి మర్చిపోతుంది. మేత రోజుకి రెండు మూడుసార్లు కొంచెం కొంచెంగా, ట్యాంకు రెండు చివరలా ఒకేసారి వేయండి. టాంగ్‌లకి నోరి ఆకు (ఎండబెట్టిన సముద్రపు నాచు) రెండుచోట్ల క్లిప్పుకి తగిలించండి. ఇంకా తగ్గకపోతే రాళ్లన్నీ మార్చి పేర్చండి, అందరి అడ్రసులూ పోతాయి, మళ్లీ మొదటినుంచి వెతుక్కోవాలి.

ఇవేవీ పనిచేయకపోతే రౌడీనే బయటికి తీయాలి, దెబ్బలు తిన్నదాన్ని కాదు. వలతో వెంటపడితే మీరు అలసిపోవడం తప్ప దొరకదు. లీటరు నీళ్ల బాటిల్ పై భాగం కోసి, మూత తీసేసి, ఆ గరాటుని తలకిందులుగా బాటిల్లోకి దోపి, లోపల మేత వేసి అడుగున పెడితే కొన్నిసార్లు దూరుతుంది. మా డామ్సెల్ దూరలేదు. చివరికి రాత్రి లైట్లు ఆపిన గంట తర్వాత టార్చి వేసి, రోజూ ఏ రాయి కన్నంలో పడుకుంటుందో రెండు రాత్రులు చూసుకుని, మూడోరాత్రి ఆ రాయినే ఎత్తి, కింద పట్టుకున్న ఉప్పునీళ్ల బకెట్లోకి దించాను. చేప కన్నంలోంచి కదల్లేదు, రాయితోపాటే వచ్చేసింది.

వారం పది రోజులు విడిగా ఉంచి, ఆలోగా రాళ్లు మార్చి తిరిగి వదిలితే కొన్ని చేపలు తగ్గి ఉంటాయి, ఈసారి కొత్తగా వచ్చింది అవే కాబట్టి. నేను డామ్సెల్‌ని మళ్లీ వేయలేదు, దానికంటే పెద్ద చేపలున్న ఆరడుగుల ట్యాంకు ఉన్న స్నేహితుడికి ఇచ్చేశాను. అక్కడ అది బాగానే ఉంది.

ఇచ్చేవాళ్లు దొరక్కపోయినా సముద్రంలో మాత్రం వదలకండి, విశాఖలో ఉన్నా సరే, బీచ్ పది నిమిషాల దూరమైనా సరే. మన హిందూ, పసిఫిక్ సముద్రాల లయన్ ఫిష్ 1985లో అమెరికాలోని ఫ్లోరిడా తీరంలో కనిపించింది, అక్వేరియంల నుంచి వదిలినవే అలా చేరాయని శాస్త్రజ్ఞులు అనుకుంటారు. ఇప్పుడవి కరీబియన్ అంతా పాకి అక్కడి చిన్న చేపల్ని తినేస్తున్నాయి. షాపుని అడిగితే చాలామంది ఊరికే అయినా వెనక్కి తీసుకుంటారు.

మా క్లౌన్‌లు రెండు రోజులు పైనే ఉన్నాయి, తరిమేది లేదని నమ్మకం కుదరలేదు కాబోలు. మూడోరోజు సాయంత్రం మేత వేస్తే పెద్దది ముందు దిగింది. చిన్నదాని తోక మూడు వారాల్లో పూడింది.