బూజు పట్టని క్రీము ఇంట్లో చేసుకోవడం ఎలా?

క్రీము అంటే నూనె, నీళ్లు, ఆ రెండూ విడిపోకుండా పట్టి ఉంచే పదార్థం ఒకటి. దాన్ని తయారు చేయడం కష్టమేమీ కాదు, చెడిపోకుండా కాపాడటమే కష్టం. అందులోనూ శ్రీకాకుళం, విజయనగరం లాంటి ఊళ్లలో. ఏడాదిలో సగానికి పైగా ఉక్కపోత, వంటగదిలో ఉప్పు డబ్బా కూడా చెమ్మగిల్లే గాలి. అయినా సరే, 'కలబంద గుజ్జు, కొబ్బరి నూనె, విటమిన్ ఇ గుళిక మిక్సీలో వేసి తిప్పండి, నెల రోజులు నిల్వ ఉంటుంది' అని రాసేవాళ్లు రాస్తూనే ఉన్నారు, చేసేవాళ్లు చేస్తూనే ఉన్నారు. నెల కాదు, వారం కూడా ఉండదు.

కావలసిన పరికరాలు తక్కువే. రెండు స్టీలు గిన్నెలు, వంటింటి థర్మామీటరు, హ్యాండ్ బ్లెండరు, 4 నుంచి 7 వరకు చూపే పీహెచ్ పట్టీలు (పీహెచ్ అంటే ఆమ్లాన్ని కొలిచే అంకె, అది తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ), గ్రాములో పదో వంతు చూపించే డిజిటల్ కాటా. నగల పనివాళ్లు వాడే చిన్న కాటా ఇంకా మంచిది. చెంచాలు, కప్పులు లెక్కలోకి రావు. గ్రాముల్లో రాయని క్రీము కొలతలు ఎవరు రాసినా నేను చదవను. మిక్సీ జారు వద్దు, గాలి కలిపి నురగ చేస్తుంది.

200 గ్రాముల క్రీముకు కొలతలివి. నూనె వైపు: నువ్వుల నూనె 20 గ్రాములు, కొబ్బరి నూనె 8, ఎమల్సిఫైయింగ్ వ్యాక్స్ (నూనెను, నీళ్లను పట్టి ఉంచే మైనం) 10, సిటైల్ ఆల్కహాల్ 3. నీళ్ల వైపు: డిస్టిల్డ్ వాటర్ 147.6, గ్లిజరిన్ 8, జాంథన్ గమ్ 0.4, డైసోడియం ఈడీటీఏ 0.2. చల్లారాక కలపడానికి: ఫినాక్సీఇథనాల్, ఇథైల్‌హెక్సైల్‌గ్లిజరిన్ కలిపి అమ్మే ప్రిజర్వేటివ్ (సూక్ష్మజీవులు పెరగకుండా ఆపే పదార్థం) మిశ్రమం 2, ఇంకో ప్రిజర్వేటివ్ పొటాషియం సార్బేట్ 0.4, విటమిన్ ఇ నూనె 0.4. నీళ్లలోంచి 10 గ్రాములు మరిగించి చల్లార్చి, మూతపెట్టి పక్కన ఉంచండి.

ఏది ఎందుకో ఒక మాట. గ్లిజరిన్ తేమను పట్టి ఉంచుతుంది. ఎక్కువ వేస్తే జిగట, అందుకే 4 శాతంతో ఆపాను. సిటైల్ ఆల్కహాల్ పేరులో ఆల్కహాల్ ఉన్నా స్పిరిట్ కాదు, చిక్కదనం ఇచ్చే మైనం లాంటి పదార్థం. జాంథన్ గమ్‌ను నేరుగా నీళ్లలో వేస్తే ఉండలు కడుతుంది, ముందు గ్లిజరిన్‌లో కలిపి ముద్ద చేయండి. ఈడీటీఏ లోహపు అయాన్లను బంధించి ప్రిజర్వేటివ్‌కు బలం ఇస్తుంది. దాన్ని నమ్ముకుని బోరు నీళ్లు మాత్రం పోయకండి. కొట్లో ఎమల్సిఫైయింగ్ వ్యాక్స్ అడిగితే తేనెమైనం చేతిలో పెడతారు. తీసుకోవద్దు. తేనెమైనం ఒక్కటే నూనెను, ఇంత నీటిని కలిపి ఉంచలేదు.

కొబ్బరి నూనె ఉద్దానానిదైతే సంతోషమే. కానీ గానుగ నుంచి అప్పుడే తెచ్చి, అడుగున మడ్డి కదులుతున్న నూనె పనికిరాదు. ఆ మడ్డిలోని కొబ్బరి పిప్పి సూక్ష్మజీవులకు భోజనం. రెండు మూడు రోజులు కదపకుండా ఉంచి పైతేట వంచుకోండి. ఎక్కువ వేస్తే నాజూకైన క్రీము అవుతుందని కూడా అనుకోకండి. కొబ్బరి నూనె 24 డిగ్రీల దగ్గర పేరుకుంటుంది కాబట్టి రథసప్తమి నాటి చలి ఉదయాల్లో క్రీము గట్టిపడి, ఎండాకాలంలో పలచబడుతుంది. ఒళ్లంతా రాసుకోవడానికి నువ్వుల నూనెను మించింది లేదు.

చేసే విధానం: నూనె వైపు పదార్థాలన్నీ ఒక గిన్నెలో, నీళ్ల వైపువి ఇంకో గిన్నెలో వేసి, రెండింటినీ వేడినీళ్ల పళ్లెంలో కూర్చోబెట్టి 75 డిగ్రీలకు తెచ్చి ఇరవై నిమిషాలు అక్కడే ఉంచండి. నీళ్ల గిన్నెను ముందు, తర్వాత తూచి, ఆవిరైన మేరకు వేడి డిస్టిల్డ్ వాటర్ పోయండి. నూనెను నీళ్లలోకి వంచి రెండు మూడు నిమిషాలు బ్లెండరు తిప్పండి. పాలలా పలచగా కనిపిస్తుంది. కంగారు పడి ఇంకాస్త మైనం వేయకండి. చల్లారేకొద్దీ అదే చిక్కబడుతుంది. గిన్నెను చల్లటి నీళ్ల పళ్లెంలో పెట్టి గరిటెతో తిప్పుతూ ఉండండి. మే నెలలో ఇది ఎంతకీ చల్లారదు, పళ్లెంలో ఐసు వేయండి. విరిగితే రెండు వైపుల వేడీ సమానంగా లేకపోయి ఉండవచ్చు. మళ్లీ వేడిచేసి బ్లెండరు తిప్పితే చాలాసార్లు కలిసిపోతుంది.

ఇక్కడి దాకా ఎవరైనా చేస్తారు. అసలు పని ఇప్పుడు మొదలవుతుంది.

నీళ్లు కలిసిన ప్రతి క్రీముకూ ప్రిజర్వేటివ్ ఉండి తీరాలి. ఇందులో బేరం లేదు. విటమిన్ ఇ ప్రిజర్వేటివ్ కాదు. అది నూనె కనరు వాసన పట్టడాన్ని ఆలస్యం చేస్తుంది, సూక్ష్మజీవుల జోలికి పోదు. వేపనూనె చుక్కలు, పసుపు, రోజ్ వాటర్, తేనె, ఇవేవీ ఈ మోతాదుల్లో 70 శాతానికి పైగా నీళ్లున్న క్రీమును కాపాడలేవు. 'మరి పాతవాళ్లు ఏ రసాయనం వాడారు?' అని ఎవరో ఒకరు అడుగుతారు. పాతవాళ్లు నీళ్లను నిల్వ చేయలేదు. తైలం కాచేటప్పుడు అందులో ముంచిన వత్తిని వెలిగించి, చిటపటలాడకుండా మండే వరకు దించలేదు. చిటపట ఉందంటే నీరు మిగిలి ఉందని వాళ్లకు తెలుసు. నలుగుపిండి పొడిగా దాచి, ఒంటికి రాసుకునే ముందే తడిపారు. కుంకుడు రసం ఏ పూటకా పూటే తీశారు. ఆ తెలివి వదిలేసి, కలబంద గుజ్జును సీసాలో పోసి సంప్రదాయం అనడం వాళ్లను అవమానించడమే.

బూజు కనిపిస్తేనే చెడిపోయిందనుకోవడం ఇంకో పొరపాటు. బూజు కంటికి కనిపిస్తుంది, పారేస్తాం. సూడోమోనాస్ లాంటి బ్యాక్టీరియా రంగూ వాసనా మారకుండానే క్రీములో పెరగగలదు. కంటి చుట్టూ రాసుకునేవాళ్లకు, చర్మం పగిలినవాళ్లకు, చంటిపిల్లలకు అది మామూలు ప్రమాదం కాదు.

క్రీము 40 డిగ్రీలకు దిగాక మాత్రమే ప్రిజర్వేటివ్ కలపండి. థర్మామీటరు చూసి, చెయ్యి పెట్టి కాదు. ముందుగా, పక్కన పెట్టిన 10 గ్రాముల నీళ్లలో పొటాషియం సార్బేట్ పూర్తిగా కరిగించి పోయండి. తర్వాత ఫినాక్సీఇథనాల్ మిశ్రమం, విటమిన్ ఇ. ఒక్కొక్కటి వేశాక రెండు నిమిషాలు గిన్నె అంచులు, అడుగు గీకుతూ తిప్పండి. కలవని మూల ఒక్కటి చాలు, చెడటం అక్కడే మొదలవుతుంది. ఫినాక్సీఇథనాల్ గరిష్ఠ పరిమితి 1 శాతం అని యూరప్ నిబంధన. తొమ్మిది పాళ్ల ఫినాక్సీఇథనాల్‌కు రెండోది ఒక పాలు చొప్పున కలిపిన మిశ్రమం 2 గ్రాములు వేస్తే 0.9 శాతం అవుతుంది. మంచికే కదా అని ఇంకో గ్రాము వేయకండి, చర్మం మండుతుంది. భయపడి సగానికి తగ్గించకండి, అది వేయనట్టే.

రెండు ప్రిజర్వేటివ్‌లు ఎందుకంటే, ఫినాక్సీఇథనాల్ మిశ్రమం బ్యాక్టీరియా మీద గట్టిగా, బూజు మీద కాస్త మెత్తగా పనిచేస్తుంది. సార్బేట్ బూజు సంగతి చూస్తుంది. కానీ సార్బేట్‌కు ఒక షరతు ఉంది, దాన్నే అందరూ వదిలేస్తారు. పనిచేసేది సార్బేట్ కాదు, ఆమ్లంలో దాని నుంచి ఏర్పడే సార్బిక్ ఆమ్లం. పీహెచ్ 5 దగ్గర మూడో వంతుకు కాస్త పైగా ఆ రూపంలో ఉంటుంది. 6 దగ్గర ఐదు శాతం చిల్లర. 7 దగ్గర ఒక శాతం కూడా ఉండదు. అంటే పీహెచ్ చూడకుండా సార్బేట్ వేయడం డబ్బు దండగ. చర్మం కూడా సహజంగా కొద్దిగా ఆమ్లం వైపే ఉంటుంది కాబట్టి దానికీ ఇదే మేలు.

ఒక గ్రాము క్రీమును తొమ్మిది గ్రాముల డిస్టిల్డ్ వాటర్‌లో కలిపి పట్టీ ముంచి చూడండి. చిక్కటి క్రీములో నేరుగా గుచ్చితే పట్టీ సరిగా చెప్పదు. సాధారణంగా 6 పైనే చూపిస్తుంది. ఒక పాలు సిట్రిక్ ఆమ్లం తొమ్మిది పాళ్ల నీళ్లలో కరిగించి, చుక్క చుక్కగా వేస్తూ, తిప్పుతూ, మళ్లీ చూస్తూ 5కు తీసుకురండి. ఒకేసారి గుమ్మరిస్తే ఆ చోట సార్బిక్ ఆమ్లం గింజల్లా విడిపోవచ్చు. నిమ్మరసం వద్దు. దాని పులుపు కాయకో రకం, పైగా రాసుకుని ఎండలోకి వెళితే చర్మం మీద మచ్చలు పడే అవకాశం ఉంది. వంటసోడా అసలే వద్దు, పీహెచ్ పైకి పోతుంది.

ఇబ్బంది పెట్టే సంగతి ఇంకొకటి. గోరువెచ్చని క్రీమును సీసాలో పోసి మూత బిగిస్తే లోపల ఆవిరి చెమర్చి చుక్కలుగా పైన పడుతుంది. ఆ చుక్కల్లో ప్రిజర్వేటివ్ ఉండదు. క్రీములో అన్నీ సరిగ్గా ఉన్నా బూజు సరిగ్గా అక్కడ, మూత కిందే పుడుతుంది. పూర్తిగా చల్లారేదాకా గిన్నె మీద శుభ్రమైన గుడ్డ కప్పి ఉంచండి, తర్వాతే సీసాలోకి. సీసా మరిగించినదైతే చుక్క తడి లేకుండా ఆరాలి. లేదా 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చల్లి ఆరనివ్వండి.

సీసా పంపు ఉన్నదే కావాలి. వెడల్పు మూతి డబ్బా వద్దు. ఆవకాయ జాడీలో తడి గరిటె పెట్టనివ్వని ఇల్లాలే క్రీము డబ్బాలో తడి వేళ్లు ముంచుతుంది. అత్తరు, సువాసన నూనెలు నేను వేయను, మీరూ వేయకండి.

జుట్టు కండిషనరు కావాలంటే పద్ధతి ఇదే, ఎమల్సిఫైయింగ్ వ్యాక్స్ బదులు బెహెన్‌ట్రైమోనియం మెథోసల్ఫేట్ ఉన్న మైనం వేయాలి. దాని ధనావేశం ఋణావేశమున్న వెంట్రుకను పట్టుకుంటుంది. అప్పుడు జాంథన్ గమ్ తీసేయండి, రెండింటికీ పడదు. నూనె కూడా సగానికి తగ్గించండి.

మోచేతి మడతలో కొద్దిగా రాసి రెండు రోజులు చూసుకున్నాకే ఒంటికి వాడండి. సీసా మీద తేదీ రాసి, మూడు నెలల్లో ముగించండి, మిగిలితే పారేయండి. అమ్మకానికి అయితే ఈ వ్యాసం చాలదు. 2020 సౌందర్య సాధనాల నిబంధనల ప్రకారం తయారీకి లైసెన్సు కావాలి. దానికంటే ముందు, క్రీములో కావాలని సూక్ష్మజీవులు వేసి ప్రిజర్వేటివ్ తట్టుకుంటుందో లేదో చూసే పరీక్ష ప్రయోగశాలలో చేయించుకోండి.